పేజ్‌మేకర్ నుంచి ఇన్‌డిజైన్‌కు: ప్రోగ్రాం మారితే చాలదు, అక్షరమూ మారాలి

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, కరీంనగర్‌లోనో డిటిపి నేర్చుకుని, ఆ ఒక్క పనిని నమ్ముకుని గల్ఫ్ విమానం ఎక్కిన మనవాళ్లు ఉన్నారు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, వారపత్రికల పేజీలు కంపోజ్ చేసీ చేసీ వాళ్ల వేళ్లకు పేజ్‌మేకర్ బాగా అలవాటైపోయింది. తీరా ఇక్కడి ప్రెస్‌లో కుర్చీలో కూర్చుంటే ఎదురయ్యేది ఇన్‌డిజైన్. పేజీలో ఒక పక్క ఇంగ్లీషు, మరో పక్క అరబిక్. "ఇది వచ్చా?" అని పైవాడు అడిగితే వచ్చు అనాలా, రాదు అనాలా తెలియదు.

భయపడాల్సిన పని లేదు. పేజ్‌మేకర్ తెలిసిన చేతికి ఇన్‌డిజైన్ కొన్ని వారాల్లో అలవాటవుతుంది. అసలు చిక్కు ప్రోగ్రాంలో లేదు, మనం ఇన్నేళ్లూ వాడిన తెలుగు ఫాంట్లలో ఉంది. ఆ సంగతి తెలియకుండా ప్రోగ్రాం ఒక్కటే మార్చుకున్నవాళ్లు కొత్త ఇంట్లోకి పాత చెదలను వెంటబెట్టుకుని వెళ్లినట్టే. ఇక్కడ ఉద్యోగం చేస్తున్నవాళ్లకు, తిరిగి వెళ్లి ఊళ్లో డిటిపి సెంటర్ పెట్టుకోవాలనుకునేవాళ్లకు, ఏటా ఉగాదికో సంక్రాంతికో తెలుగు సంఘం సావనీర్ భారం నెత్తిన వేసుకునేవాళ్లకు పనికొస్తుందని ఈ నాలుగు మాటలు.

పేజ్‌మేకర్ ఎందుకు ఆగిపోయింది?

అమెరికాలోని సియాటిల్‌లో పాల్ బ్రెయినార్డ్ అనే ఆయన ఆల్డస్ అనే కంపెనీ పెట్టి 1985లో పేజ్‌మేకర్‌ను విడుదల చేశాడు. పదిహేనో శతాబ్దపు వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ పేరే ఆ కంపెనీకి పెట్టుకున్నాడు. 'డెస్క్‌టాప్ పబ్లిషింగ్' అనే మాటను వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. మొదట అది యాపిల్ మేకింతోష్ మీదే నడిచేది. అదే ఏడు యాపిల్ లేజర్ ప్రింటర్, దానిలో అడోబి వారి పోస్ట్‌స్క్రిప్ట్ వచ్చాయి. ఈ మూడూ కలిశాక సీసపు అక్షరాలు ఏర్చి కూర్చే పని, బ్రోమైడ్ కత్తిరించి అతికించే పని ఒక బల్ల మీదికి వచ్చేశాయి. 1987లో పేజ్‌మేకర్ పీసీ మీదికి కూడా వచ్చింది.

1994లో ఆల్డస్‌ను అడోబి కొనేసింది. అప్పటికి పెద్ద పత్రికల్లో క్వార్క్ ఎక్స్‌ప్రెస్ రాజ్యమేలుతోంది. దాన్ని ఎదుర్కోవడానికి పేజ్‌మేకర్‌కు మరమ్మతులు చేస్తే సరిపోదని అడోబి కొత్తగా ఇన్‌డిజైన్‌ను తయారు చేసి 1999లో వదిలింది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 చివరిది. ఇక కొత్త వెర్షన్ రాదని 2004లో అడోబి చెప్పేసింది. అంటే ఇరవై ఏళ్లకు పైగా ఆ ప్రోగ్రాంను బాగుచేసే నాథుడు లేడు. కొత్త విండోస్ కోసం, కొత్త ప్రింటర్ల కోసం దాన్ని ఎవరూ సరిదిద్దలేదు. అయినా మన ఊళ్లలో చాలా ప్రెస్‌లలో ఒక మూల పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఒకటి ఇప్పటికీ గురగురలాడుతూ పేజ్‌మేకర్‌ను మోస్తోంది. దానికి కారణం మన అక్షరాలు.

256 గదుల్లో తెలుగు

అప్పటి ఫాంటులో ఉండేవి 256 గదులు. వాటిలో కొన్ని కంప్యూటర్ తన పనికి ఉంచుకుంటుంది. ఇంగ్లీషుకు 26 అక్షరాలు, చిన్నవీ పెద్దవీ కలిపి 52. మనకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ విడివిడిగా పెట్టాలంటే వందల గదులు కావాలి. అందుకని ఫాంటు చేసినవాళ్లు తెలివిగా అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గది, కొమ్ము ఒక గది, గుడి ఒక గది, వత్తు ఒక గది. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, కొటేషన్ గుర్తులు ఉండాల్సిన గదుల్లో ఈ ముక్కలను కూర్చోబెట్టారు. అను స్క్రిప్ట్ మేనేజర్, పుణె నుంచి వచ్చిన శ్రీలిపి వంటివి ఈ ముక్కలను మన కీబోర్డు నొక్కులకు తగ్గట్టు పేర్చి పెట్టేవి. ఆ రోజుల్లో తెలుగు అచ్చును నిలబెట్టింది ఇవే. వాటిని తక్కువ చేసి మాట్లాడనక్కరలేదు.

కానీ కంప్యూటర్ దృష్టిలో ఆ పేజీలో ఉన్నది తెలుగు కాదు. ఏవో ఇంగ్లీషు గుర్తుల వరుస. ఆ ఫాంటు తీసేస్తే మిగిలేది ఎవరికీ అర్థం కాని పిచ్చి రాత. ఆ వ్యాసాన్ని వాట్సాప్‌లో పంపలేరు, అందులో ఒక పేరు వెతకలేరు, వెబ్‌సైట్‌లో పెట్టలేరు. పైగా ఒక కంపెనీ ఫాంటులో కొట్టింది మరో కంపెనీ ఫాంటులో చదవడానికి రాదు. ఎవరి గదుల లెక్క వారిదే.

యూనికోడ్ ఈ గొడవ తీర్చింది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు సొంత చోటు ఉంది. అందులో 'క' ఎప్పుడూ 'క'యే, ఏ ఫాంటు వేసినా, ఏ ఫోన్‌లో తెరిచినా. అక్షరం ఎలా కనబడాలన్నది ఫాంటు చూసుకుంటుంది, అది ఏ అక్షరమన్నది మారదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు ఉంది. పేజ్‌మేకర్‌కు మాత్రం యూనికోడ్ తెలుగు చివరిదాకా పట్టుబడలేదు. అందుకే పాత ఫాంటు, పాత ప్రోగ్రాం ఒకదాన్నొకటి పట్టుకుని ఉండిపోయాయి.

చేతికి తెలిసినవి, తెలియనివి

ఇక ఇన్‌డిజైన్‌లోకి వద్దాం. మొదట ధైర్యం చెప్పే సంగతులు. బొమ్మనో, మ్యాటర్‌నో పేజీలోకి తెచ్చే 'ప్లేస్' ఆజ్ఞకు రెండింటిలోనూ కంట్రోల్ డి. మాస్టర్ పేజీలు, స్టైల్స్, పేజీ చుట్టూ ఉండే ఖాళీ బల్ల అన్నీ ఉన్నాయి. పేజ్‌మేకర్‌లో మ్యాటర్ ఇంకా మిగిలి ఉంటే కింద ఎర్ర త్రికోణం కనబడేది గుర్తుందా? ఇక్కడ దాని బదులు ఎర్ర కూడిక గుర్తు కనబడుతుంది. దాన్ని నొక్కి తర్వాతి కాలమ్‌లో వదిలితే మిగతాది అందులోకి పారుతుంది.

తేడాలు కూడా చూద్దాం. పేజ్‌మేకర్‌లో మ్యాటర్‌ను పేజీ మీద ఎక్కడైనా వదిలేయవచ్చు. ఇన్‌డిజైన్‌లో ప్రతిదానికీ ఫ్రేమ్ ఉంటుంది. బొమ్మ వేరు, బొమ్మను పట్టుకున్న ఫ్రేమ్ వేరు. నల్ల బాణంతో ఫ్రేమ్‌ను, తెల్ల బాణంతో లోపలి బొమ్మను కదపాలి. కొత్తవాళ్లు మొదటి వారం తిట్టుకునేది దీన్నే. స్టోరీ ఎడిటర్‌కు అక్కడ కంట్రోల్ ఇ, ఇక్కడ కంట్రోల్ వై. పేజ్‌మేకర్‌లో వెనక్కి పోవడం ఒక్క అడుగే, ఇక్కడ వరసగా ఎన్నో అడుగులు వెనక్కి పోవచ్చు. పట్టికల కోసం వేరే ప్రోగ్రాం తెరవక్కరలేదు. పీడీఎఫ్ కోసం డిస్టిలర్ చుట్టూ తిరగక్కరలేదు, ఫైల్ మెనూలోని 'ఎక్స్‌పోర్ట్' చాలు.

గల్ఫ్ ప్రెస్‌లలో పనిచేసేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. అరబిక్ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, పుస్తకం కుట్టు కూడా కుడివైపు ఉంటుంది. దానికి కావలసిన పనిముట్లు మామూలు ఇంగ్లీషు ఇన్‌డిజైన్‌లో కనబడవు. అడోబి క్రియేటివ్ క్లౌడ్‌లో భాషను 'అరబిక్ సపోర్ట్‌తో ఇంగ్లీషు' అని ఎంచుకుని ఇన్‌డిజైన్‌ను ఇన్‌స్టాల్ చేయాలి. అప్పుడు కుడి నుంచి ఎడమకు తిప్పే గుర్తులు, అరబ్బీ అంకెల ఎంపిక, కుట్టు దిక్కు అన్నీ వస్తాయి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఈ ఒక్క సంగతి తెలిసి ఉన్నా పరువు నిలబడుతుంది.

అరబిక్ కోసం ఉన్నదే తెలుగుకూ

చాలామంది ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు పేస్ట్ చేసి, గుడులు ఒక పక్క, వత్తులు ఒక పక్క విరిగిపడి ఉండటం చూసి, "ఇందులో తెలుగు రాదు" అని తేల్చేస్తారు. వస్తుంది. 2012లో వచ్చిన సీఎస్ 6 నుంచి తెలుగుతో పాటు పది భారతీయ భాషలకు అందులో ఏర్పాటు ఉంది. అది తనంతట తాను పని మొదలుపెట్టదు, మనమే చెప్పాలి.

పారాగ్రాఫ్ ప్యానెల్ మూలలో ఉన్న చిన్న మెనూ తెరిచి 'అడోబి వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్' ఎంచుకోండి. విరిగిన అక్షరాలు వాటంతటవే అతుక్కుంటాయి. దీన్ని పారాగ్రాఫ్ స్టైల్‌లోనే పెట్టేసుకుంటే ప్రతిసారీ వెతుక్కోనక్కరలేదు. విశేషమేమిటంటే అరబిక్ అక్షరాలను కలిపి రాసేదీ ఈ కంపోజరే. అరబిక్ పని చేసే ప్రెస్‌లో అది రోజూ వాడుకలో ఉంటుంది. తెలుగు కోసం యజమానితో కొత్తగా ఏమీ కొనిపించనక్కరలేదన్న మాట.

ఇంకో చిన్న చిక్కు. 'ఇన్‌డిజైన్' అని రాయాలంటే న పొల్లు తర్వాత కంటికి కనబడని గుర్తు ఒకటి ఉండాలి. లేకపోతే 'ఇన్డిజైన్' అని కింద వత్తు పడుతుంది. టైప్ మెనూలో ప్రత్యేక అక్షరాలు చేర్చే చోట 'నాన్ జాయినర్' అని ఉండేది అదే. ఇంగ్లీషు పేర్లు, ఊళ్ల పేర్లు, కంపెనీ పేర్లు ఎక్కువగా వచ్చే మన గల్ఫ్ రాతల్లో ఇది అడుగడుగునా కావాలి.

లైన్ల మధ్య ఖాళీ కూడా చూసుకోండి. యూనికోడ్ ఫాంట్లకు ఇంగ్లీషు లెక్కన లీడింగ్ వదిలేస్తే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. 12 పాయింట్ల అక్షరానికి 17, 18 పాయింట్ల లీడింగ్ పెట్టి ఒక ప్రింటు తీసి చూడండి.

పాత ఫాంటుతోనే ఇన్‌డిజైన్ నడిపేవాళ్లకు

"మాకు టైమ్ లేదు, అను ఫాంట్లనే ఇన్‌డిజైన్‌లో వాడుకుంటాం" అనేవాళ్లూ ఉన్నారు. పని నడుస్తుంది. కానీ ఇన్‌డిజైన్ ఆ తెలుగును ఇంగ్లీషు అనుకుంటుంది, అనుకుని సాయం చేయబోతుంది. ఆ సాయమే కొంప ముంచుతుంది. ఈ జాగ్రత్తలు తీసుకోండి.

భాష దగ్గర 'నో లాంగ్వేజ్' పెట్టండి. హైఫనేషన్ ఆపేయండి, లేకపోతే లైను చివర మాట ఎక్కడపడితే అక్కడ విరిగి గీత వస్తుంది.

ప్రిఫరెన్సెస్‌లో వంకర కొటేషన్ గుర్తులు వేసే ఏర్పాటు ఆపండి. పాత ఫాంట్లలో కొటేషన్ గుర్తు గదిలో మన అక్షరపు ముక్క ఉండొచ్చు. గుర్తు మారితే అక్షరం మారిపోతుంది.

లిగేచర్లు, ఆటోకరెక్ట్ ఆపండి. కెర్నింగ్ 'ఆప్టికల్'లో ఉంటే 'మెట్రిక్స్'కు మార్చండి. లేకపోతే వత్తులు పక్కకు జరిగే ప్రమాదం ఉంది.

మీ ఫాంట్లు టైప్ 1 రకానివైతే 2023 జనవరి తర్వాతి అడోబి ప్రోగ్రాంలు వాటిని తీసుకోవు. కొత్త వెర్షన్ వేసుకునే ముందే చూసుకోండి.

ఇన్ని ఆపుకుంటూ ఎన్నాళ్లు నడపగలరు? నేటి పేజీకి ఇది సరిపోతుంది కానీ రేపు ఆ పేజీని తెరవాల్సినవాడికి సరిపోదు.

పాత ఫైళ్లను ఒడ్డుకు చేర్చడం

సంఘాల సావనీర్లు, కథల సంకలనాలు, చనిపోయిన పెద్దవాళ్ల జ్ఞాపకార్థం వేసిన పుస్తకాలు, పాత పత్రికల సంచికలు ఎన్నో పేజ్‌మేకర్ ఫైళ్లుగా ఏ సీడీలోనో, ఏ మూల పడి ఉన్న హార్డ్ డిస్క్‌లోనో ఉన్నాయి. గల్ఫ్‌లో ఇవి పోవడం ఇంకా తేలిక. కాంట్రాక్టు అయిపోతుంది, కంప్యూటర్ కంపెనీది, మనిషి విమానం ఎక్కుతాడు. ఏడాది తర్వాత ఆ పుస్తకం మళ్లీ వేద్దామంటే అచ్చు ప్రతి తప్ప ఇంకేమీ ఉండదు. మళ్లీ మొదటి అక్షరం నుంచి కొట్టుకోవాలి.

వాటిని కాపాడుకునే వరస ఇది.

ఒకటి. పేజ్‌మేకర్ ఇంకా తెరుచుకునే కంప్యూటర్ ఉండగానే ప్రతి పుస్తకాన్నీ పీడీఎఫ్ చేయండి. కుదరకపోతే కాగితం మీద ప్రింటు తీయండి. తర్వాత ఏ తప్పు వచ్చినా సరిపోల్చుకోవడానికి సాక్ష్యం అదే.

రెండు. ప్లగ్ ఇన్స్‌లో ఉన్న 'సేవ్ ఫర్ సర్వీస్ ప్రొవైడర్' వాడి ఫైలును, బొమ్మలను, ఫాంట్లను ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. ఫాంటు లేని ఫైలు తాళంచెవి లేని ఇనప్పెట్టె.

మూడు. పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్ 6, అంతకు ముందు వెర్షన్లు తెరుస్తాయి. తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు తెరవవు. సీఎస్ 6లో తెరిచి సేవ్ చేస్తే ఆ కొత్త ఫైలును నేటి ఇన్‌డిజైన్ తెరుస్తుంది. సీఎస్ 6 దొరకకపోతే ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లోని డ్రాలో తెరిచి చూడండి. 2015లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి అది పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తోంది. పేజీ రూపం అటూ ఇటూ అయినా మ్యాటర్ చేతికి వస్తుంది.

నాలుగు. మ్యాటర్‌ను పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మీది ఏ కంపెనీ ఫాంటో, దాని ఏ వెర్షనో తెలుసుకుని దానికి తగ్గది వాడండి. మొదట ఒక్క పేరా మార్చి చూడండి, సరిగా వస్తేనే మిగతాది.

ఐదు. మార్చిన తర్వాత ప్రింటు పక్కన పెట్టుకుని చదవండి. రెండు వత్తులు ఉన్న 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటలు, 'క్ష', 'ఱ', అంకెలు, కొటేషన్ గుర్తులు, బ్రాకెట్లు ముందుగా చూడండి. తప్పులు ఎక్కువగా వీటిలోనే దాక్కుంటాయి. మనుషుల పేర్లు, చందాల లెక్కలు మాత్రం ఇద్దరు చదవాలి.

అన్నీ ఒకేసారి మార్చాలని కూర్చుంటే ఏదీ పూర్తి కాదు. నిరుటి కరపత్రాన్ని వదిలేయండి. మళ్లీ అచ్చు వేయాల్సినవి, మరో ప్రతి లేనివి ముందు మార్చండి. కంపెనీ కోసం చేసిన పని కంపెనీదే కాబట్టి అది అడగకుండా తీసుకుపోకూడదు. సంఘం పని సంఘం వారికి ఒక కాపీ, మీ దగ్గర ఒక కాపీ ఉండాలి. సెలవు మీద ఊరు వెళ్లే ముందే ఈ పని చేసుకోవడం మేలు.

అందం సంగతి, డబ్బు సంగతి

"యూనికోడ్‌లో ఫాంట్ల అందం లేదు, వేగం లేదు" అన్నది పాత ఆపరేటర్ల మాట. ఇందులో కొంత నిజం ఉంది. పాత కంపెనీల దగ్గర ఉన్నన్ని హెడ్డింగ్ ఫాంట్లు యూనికోడ్‌లో ఇంకా లేవు. అయితే పోతన, వేమన ఫాంట్లతో మొదలైన ఉచిత ఫాంట్ల వరస మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, ఎన్టీఆర్ దాకా వచ్చింది. చివర చెప్పిన అయిదూ గూగుల్ ఫాంట్స్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. పుస్తకానికి, పత్రికకు, సావనీర్‌కు ఇవి హాయిగా సరిపోతాయి. వేగం విషయానికొస్తే, పాత యాపిల్ కీబోర్డు అమరికతోనే యూనికోడ్ కొట్టనిచ్చే లేఅవుట్లు వచ్చాయి. వేళ్లకు కొత్త పాఠం చెప్పనక్కరలేదు.

ఇన్‌డిజైన్ ఇప్పుడు ఒకసారి కొని పెట్టుకునేది కాదు, అద్దె కట్టి వాడుకునేది. 2013 నుంచి ఇదే పద్ధతి. అద్దె ఆగితే ప్రోగ్రాం ఆగుతుంది. నెల జీతంలో సగం ఇంటికి పంపేవాడు సొంత లాప్‌టాప్‌లో నేర్చుకోవడానికి ఈ ఖర్చు పెట్టుకోవడం కష్టమే. అలాగని దొంగ కాపీ వేసుకోవద్దు. పరాయి దేశంలో చట్టంతో పేచీ, వైరస్‌తో ఫైళ్ల నాశనం రెండూ మనకు వద్దు. స్క్రైబస్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. 1.6 వెర్షన్ 2024 జనవరిలో వచ్చింది, యూనికోడ్ తెలుగును చక్కగా కలుపుతుంది. ఫ్రేమ్‌లు, స్టైల్స్, మాస్టర్ పేజీలు అందులోనూ ఉన్నాయి కాబట్టి రాత్రి గదిలో దాని మీద సాధన చేసినవాడికి పగలు ప్రెస్‌లో ఇన్‌డిజైన్ కొత్తగా అనిపించదు. ఊళ్లో చిన్న సెంటర్ పెట్టుకునేవాడికి అదే పని ముట్టు కూడా కావచ్చు.

పేజ్‌మేకర్ పోయి ఇన్‌డిజైన్ వచ్చింది. దీని తర్వాత ఇంకోటి వస్తుంది. యూనికోడ్‌లో ఉన్న మ్యాటర్‌కు ఆ బెంగ లేదు. ఏ ప్రోగ్రాం వచ్చినా ఎత్తి అందులో పోసుకోవచ్చు. ఈ శుక్రవారం సెలవు రోజున పాత హార్డ్ డిస్క్ ఒకటి బయటికి తీసి, అందులో మళ్లీ దొరకని పుస్తకం ఏదో చూసి, ముందు దాన్ని పీడీఎఫ్ చేయండి. మిగతా పని వారానికి కొంత చొప్పున సాగుతుంది.